పండగ వాళ్లది, సభ ఎవరిది?

విజయభాస్కర్‌ను మనం ఖైతాన్ రోడ్డు మీద ఐసు గడ్డతో వదిలేసి వచ్చాం. అతన్ని అలా నిలబెట్టినందుకు ఈ వారమంతా నాకు అక్షింతలే. "ఆ ఇంజనీరు అసలు మనిషేనా?" అని ఒకావిడ నిలదీసింది. మనిషే తల్లీ, అందుకే అలా నిలబడ్డాడు. తిట్టాలనుకున్నవాళ్లు ఈ భాగం చదివాక తిట్టండి, నేనూ మీతో కలుస్తాను.

మధ్యలో వచ్చి చేరినవాళ్ల కోసం నాలుగు మాటలు. ఇది ఎనభై ఏడు సెప్టెంబరు. ఇరాన్, ఇరాక్ ఏళ్ల తరబడి కొట్టుకుంటున్నాయి. కువైట్ నూనె ఓడలకు అమెరికా తన జెండా కట్టి, వెనకా ముందూ యుద్ధనౌకలు పెట్టి నడిపిస్తోంది. సముద్రం నిండా మందుపాతరలు. రాయచోటి ఖాజావలి తమ్ముడు మహబూబ్ బాషా సరుకుల పడవ మీద పనికి పోయి అలాంటి పాతరకే బలయ్యాడు. పూడ్చడానికి శవం కూడా దక్కలేదు. ఖాజావలి కువైట్‌లోని సబ్హాన్‌లో ఒక రేకుల షెడ్డులో పెయింటరు. తమ్ముడి పేరు మీద నలుగురు కూర్చుని ఏదో ఒకటి చెయ్యాలని అతనికి ఉంది. బెజవాడ విజయభాస్కర్ కాలేజీ రోజుల నుంచి శాంతి సంఘాల మనిషి. ఏ దేశానివైనా సరే, యుద్ధనౌకలన్నీ ఈ సముద్రం వదిలి పోవాలని తీర్మానం చేసి ఢిల్లీకి తంతి కొడదామని అతనికి ఉంది. పరాయి దేశపు వాళ్లు రాజకీయం కోసం గుమిగూడితే ఇక్కడ నేరం. అందుకని మొహర్రం రోజుల్లో, పీర్ల పండగ పేరు చెప్పి, ఖైతాన్‌లో ఖాజావలి గదిలోనే సభ పెట్టారు. ఆ ఉపాయం విజయభాస్కర్‌దే. పానకంలోకి ఐసు తెస్తానని అతను అలా వెళ్లాడు, ఇలా జీపు వచ్చింది. ఖాజావలినీ, అతను షెడ్డులో రేకు కత్తిరించి చేసిన పీరు చెయ్యినీ ఎక్కించుకుపోయారు. మిగిలినవాళ్ల పేర్లు రాసుకుని వదిలేశారు. రోడ్డుకు అవతలి పక్కన నిలబడి విజయభాస్కర్ అంతా చూశాడు. చేతిలో ఐసు కరిగి చొక్కా ముందంతా తడిసిపోయింది.

ఇదీ కథ. ఇప్పుడు వారం తిరిగింది. మళ్లీ శుక్రవారం.

సల్మియాలో విజయభాస్కర్ ఫ్లాటులో కుముదిని గుత్తివంకాయ చేసింది. చేసిన కూర చేసినట్టే ఉంది. ఆమె బెజవాడలో పదేళ్లు లెక్చరరుగా పనిచేసి, మొగుడి వెంట వచ్చి ఇక్కడ వంటింటి పాలైన మనిషి. నోరు కాస్త పదునే. వారం రోజులుగా మాత్రం ఆ నోటికి తాళం పడింది. మొగుడు అన్నం కెలికి లేచిపోతుంటే ఖాజావలి మీద దిగులనుకుంది. విజయభాస్కర్ రేడియో దగ్గర కూర్చున్నాడు. మరో వరస ఓడలు జలసంధి దాటి కువైట్ వైపు వస్తున్నాయని అందులో చెబుతున్నారు. అతను వాల్యూము తగ్గించాడు గానీ కట్టెయ్యలేదు.

జుమ్మా నమాజు అయిన కాసేపటికి బెల్లు మోగింది.

కుముదిని తలుపు తీసేసరికి కరీముల్లా. విజయభాస్కర్ కంపెనీలోనే పని అతనికి. ఇఖామా అనే నివాస పత్రాలనీ, పోలీసు స్టేషన్లనీ, సర్కారు ఆఫీసులనీ తిరుగుతూ అరబ్బీ తెలియని వాళ్లకు తర్జుమా చేసి పెడతాడు. పాతబస్తీ మనిషి. అతని వెనక, స్టేషను గుమ్మంలో కలిసి అతని కార్లోనే వచ్చిన సుల్తాన్‌బీ, గోడకు ఒరిగి. ఖాజావలి భార్య. జహ్రాలో ఒక కువైటీల ఇంట్లో, తాను మామా అని పిలిచే యజమానురాలి దగ్గర పనిచేస్తుంది. పెళ్లయిన ఇన్నేళ్లకు మొగుడూ పెళ్లామూ ఒకే దేశంలో ఉన్నారని అందరూ మెచ్చుకునేవారు. నెలకోసారి కలుసుకుంటే గొప్ప.

"రా సుల్తాన్‌బీ, కూర్చో," అంటూ కుముదిని కుర్చీ లాగింది.

"కూచునేదానికి రాలేదమ్మా. పొద్దుగూకే మగ్రిబ్ అజా లోపల ఇంటికాడ ఉండల్ల. మామా అంతవరకే పొమ్మనింది. సార్‌కి ఒక మాట చెప్పి పోతా."

"ముందు మంచినీళ్లు తాగు. పెదాలు చూడు ఎలా ఎండిపోయాయో."

తాగింది. గ్లాసు కింద పెట్టకుండా రెండు చేతులతో పట్టుకునే మాట్లాడింది. "సార్, మా ఇంటాయన్ని ఇరాన్ మనిషి అంటాండారంట. ఇరాన్ యా దిక్కుండాదో ఆయనకు తెలీదు సార్. రాయచోటి తెలుసు, సబ్హాన్ తెలుసు. అంతే."

"తెలుసమ్మా," అన్నాడు విజయభాస్కర్.

"పీరు చేసినందుకంట! మా ఊర్లో పీరును ఎత్తేది ఎవురనుకున్నారు? తిమ్మయ్య. నిలువు నామం పెట్టుకునే మనిషి. తొమ్మిది దినాలు చెప్పులు ఏసుకోడు, నీసు ముట్టడు. ఆయప్పను గూడా ఇరాన్ అంటారా? రెడ్లు వస్తారు, బలిజోళ్లు వస్తారు, అందరూ గుండం తొక్కుతారు. ఇదేమి పాపం సార్?"

పాపమేమీ కాదు. పొరపాటు. రాయలసీమలో పుట్టినవాళ్లు తప్ప ఇంకెవరూ చెయ్యని పొరపాటు. మొహర్రం వస్తే అక్కడ సున్నీలూ, హిందువులూ కలిసి పీర్లను లేపుతారు, పానకం పోస్తారు, పిల్లల చేత పీర్లకు గుడ్డ దట్టీలు కట్టిస్తారు. పండగ ఎవరిదని అడిగితే ఊరిదంటారు. కువైట్‌లో ఆ మాట ఎవరికి చెప్పగలం? ఇక్కడ హుస్సేన్ కోసం ఏడ్చే పది రోజులు షియాలవి. వాళ్లూ ఈ దేశం బిడ్డలే. కానీ ఆ ఏడాది భయపడ్డ కళ్లకు ప్రతి నల్ల గుడ్డ వెనకా ఇరాన్ కనిపించేది. సభకు ముందూ వెనకా రోజుల్లోనే సముద్రం అవతలి నుంచి క్షిపణులు వచ్చి తీరాన పడ్డాయి. మతం పేరు చెబితే పోలీసులు అడగరని బెజవాడ ఇంజనీరు అనుకున్నాడు. పండగ పండగేగా అని రాయచోటి పెయింటరు రేకు కత్తిరించాడు. సభను దాచడానికి కప్పిన గుడ్డే సభకన్నా పెద్ద నేరమైపోయింది. ఖర్మ కాకపోతే ఏమిటి?

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు?" అన్నాడు విజయభాస్కర్.

"మీరొచ్చి ఒక్క మాట చెప్పండి సార్. అది సభ, నేనే పిల్చినా, ఆయన గది ఇచ్చినాడంతే అని. అట్ల చెప్తే ఇరాన్ కేసు తీసేసి ఊరికి పంపించేస్తారంట. పంపించేస్తే చాలు సార్. ఈ దేశంలో ఉండనీమని నేను అడగల్యా. లేకుంటే యాడ పెడతారో, ఎన్నేండ్లు పెడతారో..." గ్లాసు చేతుల్లోనే అటూ ఇటూ తిప్పింది. "మరిది ఎట్లా నీళ్లలో పాయె. ఈయన్నన్నా మనిషిని మనిషిగా చూసుకోనీండి సార్."

కుముదిని మొగుడి వైపు చూసింది. వెళ్తానంటాడనే చూసింది.

"వెళ్లనని కాదు సుల్తాన్‌బీ," అన్నాడు అతను. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "దేనికైనా ఒక పద్ధతి ఉంటుంది. వాళ్లు నన్ను పిలవలేదు, ఏమీ అడగలేదు. నా అంతట నేను పోయి మీద పడితే లేనిపోని అనుమానాలు. వాళ్లే పిలుస్తారు. పిలిచిననాడు..."

"సాబ్," అన్నాడు కరీముల్లా.

అప్పటిదాకా అతను కిటికీ దగ్గర నిలబడి కింద కార్లు చూస్తున్నాడు. ఇటు తిరిగాడు. "సాబ్, గా మాట అనకుర్రి. నా ముంగట అనకుర్రి."

"ఏ మాట?"

"పిలవలే, అడగలే అన్న మాట. పిలిచిన్రు గద. మర్నాడు పొద్దుగాలనే కంపెనీ ఆఫీసుకొచ్చిన్రు గద. మీరు అటు కూసున్నరు, వాళ్లు ఇటు కూసున్నరు, నడుమ నేను కూసున్న. తర్జుమా జేసింది నేనే గద సాబ్!"

రేడియోలో ఎవరో నవ్వుతున్నారు. కుముదిని వెళ్లి దాన్ని కట్టేసింది. "ఏం చెప్పారు ఈయన?" అని కరీముల్లానే అడిగింది.

కరీముల్లా చెప్పడానికి ఇబ్బంది పడ్డాడు. "ఇంతమందిల చెప్పుడు బాగుండదమ్మా. కానీ ఈ ఆడామె కార్ల కూసున్నకాడికెల్లి సార్ దేవుడు, సార్ దేవుడు అంటనే ఉంది. ఇగ ఇనలేకపోయిన. సార్ ఏం జెప్పిండంటే... అది వాళ్ల పండగ, నాకు దాని గురించి ఎరుక లేదు, పానకం తాగనీకి పిలిస్తె మర్యాదకు పోయిన, అన్నడు. సభ అన్న మాట సార్ నోట్ల కెల్లి రాలే. గదంతా నేనే అరబీల చెప్పిన. గప్పటికి గీ ఖాజావలి ఎవడో నాకు తెల్వది."

సుల్తాన్‌బీ గ్లాసును జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది.

"నేను అబద్ధం చెప్పలేదు," అన్నాడు విజయభాస్కర్. గొంతు పెరిగింది. "ఖాజావలికి మేలవుతుందనే అలా చెప్పాను! మతం వ్యవహారమంటే మందలించి వదిలేస్తారనుకున్నాను. సభ అంటే అందరి మెడకూ చుట్టుకుంటుందని..."

"మీ మెడకు," అంది కుముదిని.

"కుముదినీ!"

"ఏం, కాదా? వారం నుంచి నా ఎదురుగా కూర్చుని అన్నం కెలుకుతున్నారే, పాపం ఆ పెయింటరు కోసం బెంగ పెట్టుకున్నారనుకున్నాను. ఎంత పిచ్చిదాన్నండీ నేను! మజ్జిగ కలిపి నోటికందించబోయాను."

సుల్తాన్‌బీ మెల్లగా అంది, కోపం లేకుండానే అంది. "పండగ మాది అని చెప్పినారు. సభ మీది అని చెప్పల్యా. అంతేనా సార్?"

విజయభాస్కర్ కళ్లద్దాలు మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. ఏం చెబుతాడు?

మీరు తిట్టడానికి సిద్ధంగా ఉన్నారని తెలుసు. ఒక్క నిమిషం. అతని భయం కూడా చెప్పకపోతే నాకే అన్యాయంగా ఉంటుంది. అతను పనిచేసే కంపెనీకి ఆ వేసవిలో కొత్త పని వచ్చింది. సముద్రం మధ్యలో నిలబెట్టే ఒక పెద్ద బల్లకట్టు పడవ, దాని మీద అమెరికా హెలికాప్టర్లు దిగుతాయి, సైనికులు ఉంటారు. ఆ దిగే చోట పరిచే ఇనప పలకల డ్రాయింగులు విజయభాస్కర్ బల్ల మీదే ఉన్నాయి. యుద్ధనౌకలు వెళ్లిపోవాలని సాయంత్రం తీర్మానం రాసిన చెయ్యే పొద్దున్న వాటికి నేల గీసింది. సభ బయటపడితే ఈ డ్రాయింగులూ బయటపడతాయి, ఉద్యోగం పోయి జైలే. ఇది కుముదినికి తెలుసు. ఆ పూట ఊరుకోలేకపోయింది.

"మానేస్తే ఇంకొకడు గీస్తాడని అన్నారు, సరే అన్నాను," అంది. "ఇల్లు గడవాలిగా అనుకున్నాను. కడుపు కోసం గీసినందుకు నేను మిమ్మల్ని ఒక్క మాట అన్నానా? కానీ ఆ గీతలు బయటపడతాయని ఇంకొకడిని బలిపెడతారా? ఎవరి శాంతండీ ఇది?"

"నేను ఉన్నమాట చెప్పినా ఏమయ్యేది?" అన్నాడు విజయభాస్కర్. ఈసారి గొంతు పెరగలేదు. "గదిలో కూర్చుని పానకం తాగుతూ తీర్మానం చేస్తే ఒక్క ఓడ ఆగిందా? ఆగుతుందని నేను మాత్రం అనుకున్నానా? ఇరవై ఏళ్లుగా ఊరేగింపులు చేస్తున్నాను. వియత్నాం అన్నాం, అణుబాంబు అన్నాం. మా అరుపులు మా వీధి చివర కూడా వినబడలేదు. ఇంకెందుకు చేస్తావంటే, మానేస్తే నన్ను నేను అద్దంలో చూసుకోలేక. అంతే."

"అద్దం సంగతి తర్వాత చూద్దురు గానీ, ముందు చొక్కా వేసుకోండి," అంది కుముదిని. "కరీముల్లా గారూ, ఈ కేసు చూసే ఆఫీసరు ఇవాళ ఉంటాడా?"

"ఉంటడమ్మా. జుమ్మా తర్వాత డ్యూటీలనే ఉంటడు."

"పదండి మరి. మీరు వెళ్తారా, నన్ను వెళ్లమంటారా? సభ నేనే పెట్టానని నేను చెప్పగలను. తీర్మానంలో తప్పులు దిద్దింది నేనేగా."

విజయభాస్కర్ లేచాడు. పెళ్లాం మాటకు సిగ్గుపడి లేచాడో, సుల్తాన్‌బీ అలా కోపం లేకుండా చూస్తుంటే భరించలేక లేచాడో నాకూ తెలియదు. లేచాడు, అది నిజం. చొక్కా గుండీలు వరస తప్పించి పెట్టుకోబోయాడు. కుముదిని దగ్గరికి వచ్చి తనే పెట్టింది. "ఉద్యోగం పోతే పోనివ్వండి. బెజవాడలో ట్యూషన్లు చెప్పి అయినా మిమ్మల్ని నేను సాకుతాను," అని చెవిలో అంది.

ఆ మాట వినబడనట్టు కరీముల్లా ముందే మెట్లు దిగిపోయాడు. కుముదిని గుమ్మంలోనే ఉండిపోయింది.

కారు ఎండలో ఉడికి ఉంది. సుల్తాన్‌బీ వెనక సీట్లో కిటికీకి ఆనుకుని కూర్చుంది. దారిలో ఒక్కసారే నోరు తెరిచింది. "సార్, మీ ఉద్యోగం పోతాదా?"

"పోతుంది."

"మామా వాళ్లింట్లో ఏమన్నా పని ఉంటే అడుగుతాలే సార్," అంది. ఎగతాళి కాదు. నిజంగానే అంది. కరీముల్లా గేరు మార్చి కారు వేగం పెంచాడు.

ఆ ఆఫీసు పేరు చెప్పను. బయటికి ఏ బోర్డూ లేని పసుపు రంగు భవంతి. వసారాలో బెంచీ మీద సుల్తాన్‌బీని కూర్చోబెట్టి, పిలిస్తేనే రమ్మని చెప్పి, మగవాళ్లిద్దరూ లోపలికి వెళ్లారు. గది తలుపుకు సగం దాకా గాజు.

అధికారి నలభై ఏళ్లవాడు. కళ్ల కింద వాచి ఉంది, నిద్రలేదని తెలుస్తోంది. మర్యాదగా లేచి చెయ్యి కలిపాడు. చిన్న గాజు గ్లాసుల్లో టీ తెప్పించాడు. మొన్న క్షిపణి పడ్డ చోటికి కూతవేటు దూరంలోనే తన అక్కా పిల్లలూ ఉంటారని కూర్చుంటూనే చెప్పాడు. ఎందుకు చెప్పాడో ఆ తర్వాత అర్థమైంది.

"చెప్పండి ఇంజనీరు గారూ," అన్నాడు. ఇదంతా అరబ్బీలో అన్నదే. కరీముల్లా తెలుగులోకి దించుతూ వచ్చాడు.

విజయభాస్కర్ ఒక్క గుక్కలో చెప్పేశాడు. మొదటిసారి తాను పూర్తి నిజం చెప్పలేదన్నాడు. ఖాజావలి సున్నీ అనీ, వాళ్ల సీమలో ఈ పండగ హిందువులు కూడా చేస్తారనీ, ఇరాన్‌తో ఏ సంబంధమూ లేదనీ అన్నాడు. అది అసలు పండగే కాదనీ, శాంతి సభ అనీ, పిలిచింది తానేననీ అన్నాడు.

కరీముల్లా చివరి మాట దగ్గర ఆగిపోయాడు. "సాబ్, ఈ మాట అరబీల అన్నంక మళ్ల వెనకకు తీసుకోలేం. ఖలాస్. అననా?"

"అను."

కరీముల్లా అన్నాడు.

అధికారి టీ గ్లాసు కింద పెట్టాడు. "శాంతి సభ. బాగుంది. అందులో ఏం కోరారు?"

"యుద్ధనౌకలు వెళ్లిపోవాలని."

"ఎవరి యుద్ధనౌకలు?"

"అందరివీ."

"ఈ నీళ్లలో మా ఓడల్ని ఎవరి నౌకలు కాస్తున్నాయి?"

"అమెరికావి," అన్నాడు విజయభాస్కర్.

"అవి వెళ్లిపోవాలని ఇంకెవరు కోరుతున్నారో తెలుసా?" అధికారి గొంతు పెంచలేదు. "ఇరాన్. పొద్దున్నే రేడియో పెట్టండి, ఇదే మాట వినిపిస్తుంది. వారం రోజులుగా ఆ పెయింటరు అమాయకుడేమోనని నాకు అనుమానంగా ఉండేది. ఏం అడిగినా మా ఊరు, మా ఊరు అంటాడు. ఇవాళో రేపో పంపించేద్దామనుకుంటున్నాను. మీరు వచ్చి దానికి అర్థం చెప్పారు."

కరీముల్లా ఆ మాటల్ని తెలుగు చేస్తున్నంతసేపూ నేల చూపులు చూశాడు. ఆలస్యంగా చెప్పిన నిజం వట్టి నిజంగా ఉండదు. వారం కింద ఇదే మాట అని ఉంటే అది ఒక చాదస్తపు ఇంజనీరు మాట అయ్యేదేమో. ఇప్పుడు అది ఇరాన్ మనిషికి దొరికిన నాయకుడి మాట.

"అదెక్కడి న్యాయమండీ?" అన్నాడు విజయభాస్కర్. "శాంతి కోరినవాడు శత్రువేనా?"

"మా అక్క పిల్లలు బాంబుకు బెదిరి మంచాల కింద పడుకుంటున్నారు. మీరు ఏ వైపని వాళ్లు నన్నడిగితే ఏం చెప్పమంటారు?"

విజయభాస్కర్ టీ గ్లాసు పక్కకు జరిపాడు.

అధికారి బల్ల కింది సొరుగు లాగి, గోనెపట్టాలో చుట్టినదేదో తీసి మధ్యలో పెట్టాడు. పట్టా విప్పాడు. రేకు చెయ్యి. ఐదు వేళ్లూ తీర్చినట్టున్నాయి, అంచులు కొయ్యకుండా ఖాజావలి ఆకురాయి పట్టినట్టున్నాడు. మణికట్టు దగ్గర మడతలు మడతలుగా కట్టిన నల్ల దట్టీ.

"అన్నిటికీ జవాబిచ్చాడు మీ పెయింటరు," అన్నాడు అధికారి. "రేకు తానే కోశానన్నాడు. తమ్ముడి కోసమన్నాడు. ఈ గుడ్డ ఎవరు కట్టారంటే మాత్రం నోరు విప్పడు. నీళ్లివ్వకుండా నిలబెట్టినా విప్పలేదు. ఎందుకు విప్పడు? ఇది బజారు గుడ్డ కాదు. మా ఆడవాళ్లు బట్టల పైన వేసుకునే అబాయా. అంచు చూడండి, ఖరీదైనది. కువైటీల ఇంటి నుంచి వచ్చింది. ఏ ఇల్లు ఇచ్చింది? ఇరాన్ కోసం పరాయి కూలివాళ్ల చేత ఈ పని చేయిస్తున్న ఇల్లు ఏది? నాకు కావలసింది ఆ ఇల్లు, ఆ ఇంటికీ ఇతనికీ మధ్య తిరిగిన మనిషి. ఆ ఇద్దరూ దొరికితే పెయింటరు నాకెందుకు? రేపే విమానం ఎక్కిస్తాను."

కరీముల్లా తర్జుమా చేస్తూ చేస్తూ మధ్యలో ఆగిపోయాడు. చివరి వాక్యం చెప్పి, అదే ఊపులో, తెలుగులో ఇంకో మాట కలిపాడు. అధికారికి అది కూడా తర్జుమాలాగే వినబడి ఉంటుంది.

"సాబ్, వెనకకు చూడకుర్రి. ఆమెనే కుట్టింది. పచ్చది దొరకలేదని మామా ఇచ్చిన పాత అబాయా చింపి కుట్టిన్నని కార్ల ఎక్కంగనే నాతోని చెప్పింది. మరిది పేరు మీద మొక్కున్నదట. గందుకే అతను చెప్తలేడు. చెప్తే ఈమెను పట్కపోతరు, ఆ ఇల్లు కూడ ఆగమైతది. చూడకుర్రి సాబ్."

చూడొద్దని చెబితే చూడకుండా ఉండగలిగే మనిషి ఎవరున్నారు? విజయభాస్కర్ మెడ దానంతటదే తిరిగింది.

గాజు అవతల సుల్తాన్‌బీ బెంచీ అంచున కూర్చుని ఈ తలుపు వైపే చూస్తోంది. వాళ్లిద్దరూ లోపలికి వెళ్లినప్పటి నుంచి రెప్ప వేసి ఉండదు. అతని చూపు పడగానే తనను పిలిచారనుకుంది. కొంగు సవరించుకుంది. అతను కళ్లతో వద్దని చెప్పేలోగానే లేచి, తలుపు నెట్టుకుని లోపలికి వచ్చేసింది.

"సార్ చెప్పినాడా?" అని కరీముల్లాను అడిగింది. జవాబు కోసం ఆగలేదు. బల్ల మీద ఉన్నది చూసింది.

పీరు కనబడితే సీమ ఆడది ఏం చేస్తుందో అదే చేసింది. ముందు చెప్పులు విడిచింది. కొంగు తల నిండా లాక్కుంది. ఇది పోలీసు బల్ల అనీ, ఎదురుగా ఉన్నది ఎవరనీ చూడలేదు. వంగి ఆ నల్ల దట్టీని రెండు చేతులతో పట్టి కళ్లకద్దుకుంది. కట్టు ఒక పక్క జారి ఉంటే, కుట్టినవాళ్లకే తెలిసే మడత పట్టి, సరిగ్గా బిగించి ముడివేసింది.

"నే కట్టిందే," అంది కన్నీళ్లతో. "పారేసినారేమో అనుకుంటి. బద్రంగా పెట్టినారే!"

కరీముల్లా దాన్ని అరబ్బీలోకి మార్చలేదు. తర్జుమా చేయమని అధికారి అతన్ని అడగనూ లేదు. ఆ ముడి వైపు, ఆమె వేళ్ల వైపు చూశాడు. కుర్చీ ముందుకు జరుపుకుని నేరుగా ఆమెనే అడిగాడు. మెత్తగా, ఇంట్లో మనిషిని అడిగినట్టు, తేలిక అరబ్బీలో అడిగాడు. "నువ్వు ఏ ఇంట్లో పనిచేస్తావమ్మా?"

జహ్రా ఇంట్లో ఇన్నేళ్లుగా వినే భాషే అది. ఆమెకు ప్రతి ముక్కా అర్థమైంది. ఈ వారంలో ఎంతమంది గుమ్మాలు ఎక్కి దిగిందో, ఏ ఒక్కరూ ఆమెను ఏమీ అడగలేదు. అడిగిన మొదటి మనిషి ఇతనే. సార్ అంతా చెప్పేసి ఉంటాడు, అందుకే ఇంత మర్యాదగా అడుగుతున్నారనుకుంది.

"సుల్తాన్‌బీ, వద్దు," అన్నాడు విజయభాస్కర్.

ఆమె అతని వైపు తిరిగి, మీరు చేసిన మేలు ఈ జన్మలో మరువనన్నట్టు చేతులు జోడించింది. అధికారి వైపు తిరిగి, మామా ఇంటిపేరు చెప్పడానికి నోరు తెరిచింది.